యాస కావాలె, గోస వద్దు

స్త్రీల దగ్గరి మాటను తీసుకుని మరెవరి సరుకుకో వాడుకోవడం పౌర సంబంధాల విద్యకు మొదటి నుంచీ ఉన్న అలవాటు. 1929 ఈస్టర్ పండగ నాడు న్యూయార్క్ వీధుల్లో కొందరు యువతులు అందరూ చూస్తుండగా సిగరెట్లు వెలిగించారు. ఆడవాళ్ళు నలుగురిలో పొగ తాగితే తప్పుపట్టే రోజులవి. అవి సిగరెట్లు కావు, స్వేచ్ఛ కోసం వెలిగించిన కాగడాలు అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. ఆ ఏర్పాటు వెనక ఉన్నది ఎడ్వర్డ్ బెర్నేస్. అతని వెనక ఉన్నది అమెరికన్ టొబాకో కంపెనీ. ఓటుహక్కు కోసం దశాబ్దాలపాటు పోరాడిన స్త్రీల భాష నుంచి 'స్వేచ్ఛ' అనే మాటను తీసుకున్నారు. ఆ స్త్రీలు అడిగిన మిగతావన్నీ వదిలేశారు.

మాటను తీసుకుని అడగడాన్ని వదిలేసే ఈ పద్ధతి ఇప్పుడు మన చేతిలోని ఫోన్లలోకి వచ్చింది. గత పదేళ్ళుగా సినిమా ప్రచారంలో, ప్రభుత్వ ప్రచారంలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు స్త్రీల మాట, చీర, పండగ విరివిగా కనిపిస్తున్నాయి. తెలంగాణ స్త్రీ ఇంతగా తెరకెక్కిన కాలం ఇంతకుముందు లేదు. సంతోషించవలసిందే. అయితే ఈ వీడియోలను, పోస్టులను ఒక కథనో కవితనో చదివినంత శ్రద్ధగా చదివితే ఒక సంగతి మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. ప్రచారానికి ఈ స్త్రీల యాస కావాలి. వాళ్ళ గోస అక్కర్లేదు.

ఈ ప్రాంతానికి బయటివాళ్ళు పేరు పెట్టడం ఇది మొదటిసారి కాదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. దొరల వెట్టికీ, భూస్వామ్యానికీ వ్యతిరేకంగా వేలాది రైతుకూలీలు జగిత్యాలకు నడిచారు. మరుసటి నెలలోనే అప్పటి ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. కూలి పెంచమని అడిగిన నేలకు ప్రభుత్వం పెట్టిన పేరు 'కల్లోలితం'. 2016 అక్టోబరులో ఈ రెండూ జిల్లాలయ్యాయి. ఇప్పుడు ఇంటర్నెట్‌లో జగిత్యాల అంటే నవ్వించే పల్లె వీడియోలు, సిరిసిల్ల అంటే బతుకమ్మ చీర. కల్లోలం నుంచి కులాసా దాకా సాగిన ఈ పేరు మార్పిడిలో, ఆనాడు అడిగిన ప్రశ్నలకు జవాబు దొరికిందా అన్నది విమర్శకులుగా మనం వేసుకోవలసిన ప్రశ్న.

మధ్యలో మాధ్యమాలు ఎలా మారాయో కూడా చూడాలి. 2005 తర్వాత తెలుగులో బ్లాగులు వచ్చాయి. పత్రికల గుమ్మం దగ్గర ఆగిపోయిన స్త్రీలు చాలామంది సంపాదకుల అనుమతి లేకుండా రాసుకునే చోటు దొరికిందని సంబరపడ్డారు. అది నిజమైన సంబరమే. కాని ఆ చోటుకు కంప్యూటరు కావాలి, కనెక్షన్ కావాలి, అన్నిటికన్నా ముందు అక్షరం కావాలి. కోరుట్లలో బీడీలు చుట్టే స్త్రీకి అందులో చోటు లేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది. ఫోన్లో వీడియో చూడటానికీ, తీయటానికీ అక్షరంతో పని లేదు. బ్లాగు ఇవ్వలేని ప్రవేశాన్ని వీడియో ఇచ్చింది. మౌఖిక సంప్రదాయంలో ఆరితేరిన స్త్రీలు, ముద్రణ యుగం పక్కన పెట్టిన స్త్రీలు, ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ప్రచార సంస్థలు వచ్చి చేరింది సరిగ్గా ఇక్కడే.

ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ మిల్కూరి గంగవ్వ. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి ఆమె ఊరు. ఆ ఊరివాడైన శ్రీకాంత్ శ్రీరామ్ 2012లో మొదలుపెట్టిన 'మై విలేజ్ షో' యూట్యూబ్ ఛానల్లో, కూలి పనులు చేసుకుని బతికిన ఈ అవ్వ దాదాపు అరవయ్యేళ్ళకు చేరువై నటించడం మొదలుపెట్టింది. బడి చదువు లేదు. చెప్పిన సంభాషణను విని, తన మాటల్లోకి మార్చుకుని చెబుతుంది. 2019లో 'మల్లేశం', 'ఇస్మార్ట్ శంకర్' సినిమాల్లో కనిపించింది. 2020లో తెలుగు బిగ్ బాస్ నాలుగో సీజన్‌కు వెళ్ళింది, 2024లో ఎనిమిదో సీజన్‌కు మళ్ళీ వెళ్ళింది. ఈలోగా కొత్త సినిమా విడుదలకు ముందు తారలు గంగవ్వతో కూర్చుని ఒక వీడియో చేయడం ప్రచారంలో భాగమైపోయింది.

ఆ వీడియోల్లో ఏం జరుగుతుంది? తెరమీద వెలిగే మనిషిని గంగవ్వ మనవడిలా, మనవరాలిలా పలకరిస్తుంది. నువ్వు అంటుంది. పెళ్ళెప్పుడని అడుగుతుంది, తిండి సంగతి అడుగుతుంది, సినిమా పేరు నోరు తిరగక తన పద్ధతిలో పలుకుతుంది. పేరున్నవాడి పెద్దరికాన్ని ఒక్క మాటతో దించేస్తుంది. ఈ హాస్యం ఆమె సొంత కల్పన అనుకోనక్కర్లేదు. నాట్లేస్తూ, కలుపు తీస్తూ, అరుగు మీద కూర్చుని ఆడవాళ్ళు చేసుకునే పరాచికంలో, పెళ్ళిళ్ళలో వియ్యపురాళ్ళను ఎగతాళి చేసే పాటల్లో ఉన్నదే ఇది. బలవంతుణ్ణి ఎదురుగా ఏమీ అనలేని వాళ్ళు ఎగతాళి ద్వారా అనే పద్ధతి.

ఒకప్పటి తెలుగు సినిమాలో తెలంగాణ యాస రౌడీలకో, నవ్వులపాలయ్యే పనివాళ్ళకో ఇచ్చిన యాస. టీవీలో వీ6 'తీన్మార్ వార్తలు' ఆ పరిస్థితిని కొంత మార్చింది. గంగవ్వ ఇంకా ముందుకు తీసుకెళ్ళింది. ఆమె ముందు తారలే తడబడతారు, ఆమె తడబడదు. వృద్ధాప్యం, పేదరికం, నిరక్షరాస్యత, ఆడపుట్టుక అన్నీ కలిసిన ఒక మనిషి కెమెరా ముందు ఇంత నిబ్బరంగా కూర్చోవడం చిన్న విషయం కాదు. దీన్ని కేవలం మార్కెట్ మాయ అని కొట్టిపారేసే విమర్శతో నాకు పేచీ ఉంది. అలా కొట్టిపారేస్తే ఆమె పనితనాన్ని మనం కూడా చూడనట్టే.

కాని అదే వీడియోలో ఆ ఎగతాళి ఏ పని చేస్తోందో కూడా చూడాలి. కలుపు తీసేచోట దొర మీద వేసిన హాస్యం దొరను తగ్గిస్తుంది. ప్రచార వీడియోలో తార మీద వేసిన హాస్యం తారను పెంచుతుంది. ఎంత కలుపుగోలు మనిషి, అవ్వ చేత మాట పడ్డాడు, మనవాడే అనిపిస్తుంది. ఎదిరింపు కోసం పుట్టిన రూపం సిఫారసుగా మారిపోతుంది. మాట అదే, యాస అదే, మనిషి అదే. తిరిగిన దిక్కు వేరు. సాహిత్య విమర్శకు ఇది తెలియని సంగతి కాదు. జానపద బాణీని తీసుకుని అందులోని కడుపుమంట తీసేసిన సినిమా పాటల గురించి మనం ఎన్ని వ్యాసాలు రాసుకోలేదు?

బిగ్ బాస్‌లో ఈ ప్రక్రియ ఇంకా స్పష్టంగా కనబడింది. సొంత ఇల్లు కట్టుకోవాలని ఉందని గంగవ్వ చెప్పింది. కార్యక్రమం నడిపే నాగార్జున సాయం చేస్తామన్నారు. తర్వాత లంబాడిపల్లిలో ఇల్లు లేచింది, ఆ ఇంటి వీడియో కూడా లక్షలమంది చూశారు. ఆ అవ్వకు ఇల్లు దక్కడం మంచిదే, అందులో వెక్కిరించడానికి ఏమీ లేదు. నేను చెప్పేది ఆ కథ అల్లిన తీరు గురించి. జీవితమంతా రెక్కలు ముక్కలు చేసుకున్న స్త్రీకి ముసలితనంలో ఇల్లెందుకు లేదు అన్నది ఒక ఫిర్యాదు. ఆ ఫిర్యాదుకు బాధ్యులుంటారు: కూలి ఇచ్చినవాళ్ళు, ఆస్తిలో ఆడదానికి వాటా ఎగ్గొట్టే పద్ధతి, ప్రభుత్వాలు. కార్యక్రమంలో అది ఒక అవ్వ 'కోరిక' అయింది. కోరికకు బాధ్యులుండరు, తీర్చేవాళ్ళే ఉంటారు. తీరాక మిగిలేది కృతజ్ఞత. గోసను కోరికగా, కోరికను కృతజ్ఞతగా మార్చడమే ఇక్కడి శిల్పం.

అయినా ఆ శిల్పానికి లొంగని ఘట్టం ఒకటి ఉంది. 2020లో ఐదో వారానికల్లా గంగవ్వ ఆ ఇంట్లో ఉండలేకపోయింది. ఆరోగ్యం సహకరించలేదు, ఊరి మీద ధ్యాస, పంపించెయ్యమని అడిగింది. ఆటలో ఓడలేదు. తనంత తానే వద్దనుకుని వెళ్ళింది. ఆ సీజన్ మొత్తంలో ఎవరి సరుకుకూ పనికిరాని మాట అదొక్కటే అని నాకనిపిస్తుంది.

ఇక సిరిసిల్ల సంగతి. ఇది సాంచాల ఊరు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. వేల సాంచాల మీద ఎక్కువగా పాలిస్టర్ గుడ్డ నేస్తారు. చేనేత నుంచి మరమగ్గానికి మారిన ఈ పట్నం, 1990ల నుంచీ నేతకార్మికుల ఆత్మహత్యల వార్తలతో పత్రికలకెక్కింది. 2016 ఆగస్టులో కేంద్ర జౌళి మంత్రి స్మృతి ఇరానీ మొదలుపెట్టిన 'ఐ వేర్ హ్యాండ్లూమ్' ప్రచారంలో మంత్రులూ తారలూ చేనేత కట్టుకుని ఫొటోలు పెట్టారు. 2017లో తెలంగాణ చేనేతకు సమంత ప్రచారకర్త అయ్యారు. కాని అది పోచంపల్లికి సరిపోయే ప్రచారం. పాలిస్టర్ చీర ఫొటోకు అందం కాదు. సిరిసిల్లకు మరో కథ కావలసి వచ్చింది. ఆ కథ పేరు బతుకమ్మ చీర.

తెల్ల రేషను కార్డున్న ఇళ్ళలో పద్ధెనిమిదేళ్ళు నిండిన ఆడవాళ్ళకు, సుమారు కోటి మందికి, దసరా ముందు చీర ఇచ్చే పథకం 2017లో మొదలైంది. సిరిసిల్లకు పని దొరకడం దాని ఉద్దేశాల్లో ఒకటి, ఆ తర్వాతి ఏళ్ళలో నిజంగానే పని దొరికింది. ఆ విషయం మరచిపోకూడదు. నేను చూస్తున్నది దాని చుట్టూ అల్లిన భాషను. ప్రచారమంతటా రెండు మాటలు: 'ఆడబిడ్డ', 'కానుక'. ప్రభుత్వం పుట్టిల్లయింది, ముఖ్యమంత్రి పెద్దన్న అయ్యాడు, కోటిమంది స్త్రీలు పండక్కి వచ్చిన ఆడబిడ్డలయ్యారు. పన్ను కట్టే పౌరురాలు, ఓటరు, కార్మికురాలు అన్న మాటలన్నీ ఈ ఒక్క బంధుత్వంలో కరిగిపోయాయి. పౌర సంబంధాల్లో 'పౌర' పోయి 'సంబంధం' మిగిలింది.

పుట్టింటి చీరకు ఒక మర్యాద ఉంది. దానికి వంక పెట్టకూడదు. రంగు నచ్చకపోయినా, నేత పలచనైనా కళ్ళకద్దుకుని తీసుకోవాలి. అన్న ఇచ్చాడు కదా! ఈ మర్యాదను స్త్రీలు తొలి ఏడే కాలదన్నారు. 2017 సెప్టెంబరులో హైదరాబాదు సైదాబాదులో పంపిణీ దగ్గర తోపులాట వీడియో అందరి ఫోన్లలోకి వచ్చింది. దాన్ని చూసి నవ్వినవాళ్ళే ఎక్కువ. ఆ వెంటనే కొన్ని ఊళ్ళలో స్త్రీలు నాసిరకం చీరలని రోడ్డు మీద వేసి తగలబెట్టిన వీడియోలు వచ్చాయి. చేనేత అని చెప్పి ఇదేమిటని అడిగారు. ఆ ఏడు సమయం చాలక చీరల్లో పెద్ద భాగాన్ని సూరత్ నుంచి తెప్పించారన్న సంగతి ఆ గొడవలోనే అందరికీ తెలిసింది. ఇది ప్రతిపక్షాల పని అని అధికార పక్షం జవాబిచ్చింది. స్త్రీలు తమంత తాము కోపగించుకోగలరన్న ఊహ ఆ జవాబులో ఎక్కడా లేదు.

ఆ వీడియోలు నా దృష్టిలో ముఖ్యమైన పాఠ్యాలు. ఇచ్చిన చీర కాలుస్తారా, పండగపూట అపశకునం కాదా అని వాళ్ళను తిట్టినవాళ్ళు చాలామంది. ఆ తిట్లన్నీ ఆడబిడ్డను తిట్టే తిట్లే. పౌరురాలిని ఎవరూ అలా తిట్టరు. నిజానికి బతుకమ్మ సంప్రదాయమే ఈ స్త్రీల పక్షాన ఉంది. ఉయ్యాల పాటల్లో అత్తింటి ఆరళ్ళుంటాయి, తీసుకుపోవడానికి రాని అన్నదమ్ముల మీద నిష్ఠూరాలుంటాయి. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టడమంటే సంతోషమొక్కటే కాదు, ఏడాదంతా దాచుకున్నది నలుగురిలో అనడం కూడా. ప్రచారం పండగలోని పూలను తీసుకుంది, చీరను తీసుకుంది, పాటలోని నిష్ఠూరాన్ని వదిలేసింది. నిష్ఠూరం వీడియోగా తిరిగి వచ్చింది. దానికి ఫలితం కూడా ఉంది. తర్వాతి ఏళ్ళలో రంగులు, రకాలు పెరిగాయి, గోచీ పెట్టి కట్టుకునే వృద్ధుల కోసం తొమ్మిది మీటర్ల చీరలు కూడా నేయించారు. మెచ్చుకోలు వల్ల తొమ్మిది మీటర్ల చీర రాదు.

2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. బతుకమ్మ చీరలు ఆగాయి. 2024లో ఆర్డర్లు లేక సిరిసిల్లలో సాంచాలు ఆగాయి, మళ్ళీ ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. తర్వాత స్వయం సహాయక సంఘాల మహిళలకు చీరలిచ్చే ఆర్డరు సిరిసిల్లకు వచ్చింది. 2025 నవంబరులో అవి 'ఇందిరమ్మ చీరలు'గా పంపిణీకి వచ్చాయి. అన్న స్థానంలోకి అమ్మ వచ్చింది. పేరు మారింది గాని చీర ఇచ్చే చేతికీ పుచ్చుకునే చేతికీ మధ్య బంధుత్వం మారలేదు.

ఈ చీర చుట్టూ వచ్చిన ఫొటోల్లో పుచ్చుకునే స్త్రీలుంటారు, సాంచా మీద మగ కార్మికుడు ఉంటాడు. ఇంట్లో కూర్చుని కండెలు చుట్టే స్త్రీ ఎక్కడుంది? సిరిసిల్ల నేత ఇళ్ళలో ఆడవాళ్ళు కండెలు చుడతారు, ఆ కూలి చాలక బీడీలు కూడా చుడతారు. ఆమె చుట్టిన కండె మీది దారమే చీరై, ఆమె చేతికే కానుకగా వస్తుంది. తన పనినే తనకు దయగా ఇచ్చినప్పుడు చప్పట్లు కొట్టమనడం ఏ పౌర సంబంధాల పాఠంలో ఉంది?

బీడీ అనగానే కోరుట్ల గుర్తుకు రావాలి. కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఊళ్ళలో మగవాళ్ళు గల్ఫ్ బాట పట్టిన ఇళ్ళెన్నో. ఆ ఇళ్ళలో చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని వెయ్యికింత అని లెక్కగట్టే కూలికి స్త్రీలు బీడీలు చేస్తారు. వీళ్ళు ప్రచార చిత్రాల్లో దాదాపు కనిపించరు. దానికో కారణం ఉంది. 2003 చట్టం పొగాకు వస్తువుల ప్రకటనలను నిషేధించింది. మంచి చట్టమే. కాని ప్రకటన లేని సరుకును చేసే చేతులకు తెరమీద చోటు దొరకదు. చీరకు ఒక ముఖం కావాలి, సినిమాకు ఒక అవ్వ కావాలి, బీడీకి ఎవరూ అక్కర్లేదు. బెర్నేస్ ఊరేగింపులో పొగాకు తాగే స్త్రీ కనిపించింది గాని, పొగాకు చుట్టే స్త్రీ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

వీళ్ళు కనిపించేది ఒక్కచోటే. పింఛను పోస్టుల్లో. 2015 నుంచి తెలంగాణలో బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి వచ్చింది, 2019లో అది 2,016 అయింది. అది పెద్ద ఊరట. అయితే 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఖాతా ఉన్నవాళ్ళకే అన్న నిబంధన వల్ల, పక్కపక్కనే కూర్చుని అదే పని చేసే ఇద్దరిలో ఒకరికి వచ్చి ఒకరికి రాకుండా పోయింది. నవ్వుతున్న మొదటామె ఫొటో పోస్టయింది. రెండో ఆమె ఊళ్ళలో ధర్నాలో కూర్చుంది.

ఫిర్యాదు చెప్పుకునే దారి అసలు లేదా అంటే, ఉంది. సిరిసిల్ల ఎమ్మెల్యే, మంత్రిగా పనిచేసిన కె.టి. రామారావు ట్విట్టర్లో అడిగినవాళ్ళకు జవాబిస్తారని పేరు తెచ్చుకున్నారు. విదేశాంగ మంత్రిగా సుష్మా స్వరాజ్ కూడా అలాగే గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్ళ మొర విన్నారు. దీనివల్ల బయటపడ్డవాళ్ళున్నారు. కాని ఆ మొర ఎవరి ఫోన్ నుంచి వెళ్తుంది? 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, మగవాళ్ళు సగానికి పైనే. కోరుట్ల స్త్రీ తన భర్త కోసం పెట్టుకునే మొర ఇంటర్ చదివే కొడుకో, పక్కింటి పిల్లవాడో ఇంగ్లీషులో రాయాలి. అందులో ఆమె యాస ఉండదు. గోస కూడా రెండు వాక్యాలకు కుదించుకుపోతుంది, చివర్లో 'సర్, ప్లీజ్ హెల్ప్' మిగులుతుంది. ప్రచారంలో యాస ఉండి గోస ఉండదు. ట్వీట్లో గోస ఉంటే యాస ఉండదు. రెండూ కలిసి ఒకే మనిషి నోట బయటికి రావడాన్నే ఈ మాధ్యమం సహించలేకపోతోంది.

రెండూ కలిసి ఉండగలవని చూపిన పుస్తకం మన దగ్గర ఉంది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని రికార్డు చేసి, వాళ్ళ నుడికారంలోనే అచ్చేశారు. వాళ్ళు పోరాటాన్ని పొగిడిన చోట్లే కాదు, పార్టీ తమను ఎలా చూసిందో, పోరాటం ఆగాక తమను మళ్ళీ ఇంటికెలా పంపిందో చెప్పిన చోట్లు కూడా అందులో ఉన్నాయి. అంత అసౌకర్యమైన మాటల్ని ఉంచారు గనకే ఆ పుస్తకం ఇప్పటికీ నిలబడి ఉంది. టేప్ రికార్డరు, ఫోన్ రెండూ యంత్రాలే. తేడా కోత ఎక్కడ పెట్టారన్న దగ్గర వస్తుంది.

అందుకే మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకూ, పత్రికలకూ నాదొక విన్నపం. బతుకమ్మ పాటల్ని సేకరిస్తున్నాం, పరిశోధన పట్టాలిస్తున్నాం. 2017లో చీర కాల్చిన స్త్రీలు మాట్లాడిన మాటల్ని ఎవరు సేకరించారు? ఫోన్ మారితే పోతాయి, ఖాతా మూస్తే పోతాయి. ప్రభుత్వాల ప్రచార వీడియోలను మాత్రం దాచుకునే శాఖలున్నాయి. రేపు ఈ కాలపు స్త్రీల గురించి రాయాలనుకునే పరిశోధకురాలికి చీర పుచ్చుకుని నవ్వే ముఖాలు కోటి దొరుకుతాయి. ఇదేం చీర అని అడిగిన గొంతు ఒక్కటి దొరకాలన్నా, ఆ పని ఇప్పుడే మొదలుపెట్టాలి.